సీటీ బొమ్మను గుండె మ్యాపు మీద కూర్చోబెట్టడం: నా అనుభవం

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) అబ్లేషన్ (లయ చెడగొట్టే చోట్లను లోపలి నుంచి కాల్చడం) చేసేటప్పుడు తెర మీద రెండు ఆకారాలు ఉంటాయి. ముందు తీసిన సీటీ నుంచి వచ్చిన ఎడమ కర్ణిక ఒకటి. క్యాథెటర్ (రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టం) కొనతో లోపలి గోడను తడుముతూ అప్పటికప్పుడు కట్టే త్రీడీ మ్యాపు రెండోది. ఈ రెంటినీ కలపడం మ్యాపింగ్ కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటి టెక్నీషియన్ పని. పని చేసేది హైదరాబాద్‌లో అయినా, టేబుల్ ఎక్కేవాళ్లలో మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లు బాగానే ఉంటారు.

తిప్పలు సీడీ దగ్గరే మొదలు. ఊళ్లో స్కాన్ చేయించుకుని సీడీ తెస్తారు. తెరిస్తే 5 మి.మీ. మందం ముక్కలు గానీ, ఉత్త జేపెగ్ ఫొటోలు గానీ ఉంటాయి. రిపోర్టు రాయడానికి 5 మి.మీ. ముక్కలు సరిపోవచ్చు గానీ, వాటితో ఆకారం కడితే పుపుస సిరల (ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి రక్తం తెచ్చేవి) నోళ్లు మెట్లు మెట్లుగా వస్తాయి. కావలసింది డైకామ్ (స్కాన్ మెషీన్ల అసలు ఫైలు) రూపంలో, 1 మి.మీ. లోపు మందంతో, కాంట్రాస్ట్ (రక్తం తెల్లగా కనిపించడానికి ఎక్కించే మందు) ఎడమ కర్ణికలో నిండుగా ఉన్నప్పుడు తీసిన సిరీస్. స్కాన్ మెషీన్‌లో ముడి డేటా ఎక్కువ రోజులు ఉంచరు. అందుకే సీడీ చూసిన రోజే సెంటర్‌కు ఫోన్ చేసి పలుచని ముక్కలు మళ్లీ కట్టించమనాలి. ఆలస్యమైతే మళ్లీ స్కాన్, మళ్లీ కాంట్రాస్ట్, దానికి ముందు మళ్లీ క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష).

సిరీస్ మంచిదైతే ఆకారం విడదీయడం పెద్ద పని కాదు. సాఫ్ట్‌వేర్ తెల్లదనాన్ని బట్టి రక్తాన్ని గుర్తిస్తుంది. ఆనుకుని ఉన్న పెద్ద రక్తనాళాలు అయోర్టా, పల్మనరీ ఆర్టరీ కూడా అంతే తెల్లగా ఉంటే కర్ణికతో కలిసిపోతాయి, చేత్తో కోసెయ్యాలి. కర్ణికకు కింది గదికి మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ దగ్గర కూడా ఒక కోత. ఎడమ పై సిరకూ అపెండేజ్‌కూ (కర్ణికకు ఉండే చిన్న సంచి) మధ్య పొలం గట్టు లాంటి సన్నని అంచు ఉంటుంది, దాన్ని మాత్రం నున్నగా చేయనివ్వను. అబ్లేషన్‌లో క్యాథెటర్ జారేది అక్కడే.

ఇక టేబుల్. క్యాథెటర్ ఎక్కడుందో కనిపెట్టడానికి మాది అయస్కాంత పద్ధతి: కింద లొకేషన్ ప్యాడ్, ఛాతీకి మూడు ప్యాచ్‌లు, వీపుకు మూడు. వెంట్రుకలు తీసి, చెమట తుడిచి, చర్మం ఆరాకే అంటించాలి. సగం ఊడిన ప్యాచ్‌తో మ్యాపు మొత్తం పక్కకు పోతుంది. సీ-ఆర్మ్ (టేబుల్ దగ్గరి ఎక్స్‌రే మెషీన్) డిటెక్టర్‌ను ఛాతీకి మరీ దగ్గరగా దించినా ఆ లోహం అయస్కాంత క్షేత్రాన్ని చెడగొడుతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవాళ్లు వస్తే ఇంకొంచెం జాగ్రత్త. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నా, పాత ఫ్లోరైడ్ పట్టిన వెన్ను వంగదు, వెల్లకిలా ఆనదు. గంటల తరబడి పడుకోవాలంటే భుజాల కింద, మోకాళ్ల కింద దిండు తప్పదు. ఆ దిండు ప్యాచ్‌ల కంటే ముందే పెట్టాలి, మధ్యలో తీయకూడదు. వీలైతే సీటీకి కూడా అదే ఎత్తు. ఎముక చిక్కబడ్డ వెన్ను ఎక్స్‌రేను ఎక్కువగా ఆపుతుంది కాబట్టి మెషీన్ తనంతట తానే డోసు పెంచుతుంది. అలాంటివాళ్లకు ఫ్లోరో (కదిలే ఎక్స్‌రే) తగ్గించి మ్యాపు మీద, గుండె లోపలి ఎకో మీద ఆధారపడటమే నయం.

మ్యాపు మొదలెట్టే ముందు ఊపిరి కదలికను కంప్యూటర్‌కు నేర్పాలి. "తాతా, ఊపిరి బిగవట్టకు, నిమ్మళంగ తీస్కో" అంటే చాలామంది కుదురుకుంటారు. భయంలో తీసిన ఊపిరిని నమూనాగా పెట్టుకుంటే, మత్తు ఎక్కాక లెక్క తప్పుతుంది, మళ్లీ నేర్పాలి. సీటీని నిండా గాలి పీల్పించి తీసి, మ్యాపును ఊపిరి వదిలిన దశలో కట్టినా సిరల నోళ్లు కలవవు.

కలపడంలో మొదట సిరల నోళ్ల దగ్గర మూడు నాలుగు గుర్తులు పెడతాం, ఆ తర్వాత గోడ మొత్తాన్ని సర్దుతాం. సగటు తేడా 2, 3 మి.మీ. అని కంప్యూటర్ చూపిస్తే సంతోషపడొద్దు. వెనక గోడ చక్కగా అతికి, గట్టు దగ్గర 6 మి.మీ. తప్పినా సగటు బాగానే కనిపిస్తుంది. బొమ్మను తిప్పి ప్రతి సిర నోటినీ విడిగా చూడాలి. గట్టిగా నొక్కిన చోట గోడ బయటికి సాగి మ్యాపు ఉబ్బుతుంది. అందుకే కాంటాక్ట్ ఫోర్స్ (క్యాథెటర్ గోడను నొక్కే బలం) ఎక్కువగా ఉన్న పాయింట్లు తీసేస్తాను. సీటీ రోజుకూ ప్రొసీజర్ రోజుకూ ఒంట్లో నీరు, గుండె లయ మారితే కర్ణిక సైజే మారుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. క్యాథెటర్ సిరలోకి దిగితే ఇంపెడెన్స్ (కొన దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది. క్యాథెటర్ గోడ మీద ఉందని బొమ్మ చూపిస్తున్నా, సిరలో ఉందని ఇంపెడెన్స్ చెబితే, నేను ఇంపెడెన్స్‌నే నమ్ముతాను.

మధ్యలో గుండె లయ సరిచేయడానికి కరెంటు షాక్ ఇస్తే ఒళ్లు ఎగిరిపడి మ్యాపు జరగొచ్చు. అందుకే మొదట్లోనే కరోనరీ సైనస్ (గుండె సొంత సిర) లో పెట్టిన క్యాథెటర్ నీడను తెర మీద భద్రం చేసుకుంటాను. షాక్ తర్వాత క్యాథెటర్ ఆ నీడలోనే ఉంటే సరే. పక్కకు పోతే ముందు జరిగింది క్యాథెటరా, మనిషా అన్నది ఫ్లోరోలో చూడాలి. మనిషే జరిగి ఉంటే పాత మ్యాపును లాగి సర్దకుండా, సిరల నోళ్ల దగ్గర కొత్తగా పాయింట్లు తీసి మళ్లీ కలపాలి.