పదకొండో రసీదు

కావలి, డిసెంబరు 14, ఆదివారం.

తెల్లవారుజామున పట్టిన ముసురు ఎనిమిదింటికి తెరిపిచ్చింది. రసీదు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని బయల్దేరాను. బుధవారం పెన్షనర్ల దినోత్సవం. ఆలోగా మా వైపు ఉన్న రిటైర్డు టీచర్ల ఇళ్లన్నీ తిరిగి, మా పెన్షనర్ల సంఘంలో లేనివాళ్లను చేర్చాలని నేనే పెట్టుకున్న పని ఇది.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను సంఘాల జోలికి పెద్దగా పోలేదు. చందా కట్టేదాన్ని, అంతే. మూడేళ్ల కిందట మా ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పెట్టినప్పుడు తెలిసొచ్చింది. ఆయన సర్వీసు రిజిస్టరులో నాది పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని నేనే రుజువు చేసుకోవాలి. కర్మకాండలు కూడా కాలేదు అప్పటికి. ఎవరు చెప్పారో ఏమో, సంఘం నుంచి ఇద్దరు పెద్దాయనలు వచ్చారు. ఒకాయనకు 78 ఏళ్లు. వరండాలో కూర్చుని అర్జీ రాయించి, నాలుగుసార్లు నాతోపాటు ఆఫీసుకు తిరిగారు. నాలుగోసారి పని అయింది. ఆ సాయంత్రమే సభ్యత్వం తీసుకున్నాను.

ఈ పూట గుమ్మం గుమ్మం దగ్గరా అవే మాటలు. డీఆర్, అంటే ధరలను బట్టి పెన్షన్‌కు కలిపే కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డు, రిటైరైనప్పుడు ఒకేసారి తీసుకున్న పెన్షన్ భాగానికి (కమ్యుటేషన్) రికవరీ 15 ఏళ్లు ఎందుకు పట్టాలి. ఎక్కువమంది అడిగింది మాత్రం అదనపు పెన్షన్ గురించి. ఇదివరకు 70 నిండితే 10 శాతం, 75 నిండితే 15 శాతం కలిసేది. 11వ పీఆర్సీ (వేతన సవరణ)తో అవి 7, 12 అయ్యాయి. మూడు శాతమే కదా అని వయసులో ఉన్నవాళ్లు అనుకోవచ్చు. 70 దాటిన మనిషికి ఆ మూడు శాతం నెల సరిపడా బీపీ, షుగరు మాత్రలు. నాకూ ఇంకో రెండేళ్లలో 70 వస్తాయి.

పది రసీదులు రాశాక పదకొండో ఇంటికి వెళ్లాను. నా పక్క క్లాసులో పనిచేసిన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ మొన్న జులైలో 62 నిండి రిటైరైంది. తలుపు తీస్తూనే నా చేతిలో పుస్తకం చూసింది.

"నాకెందుకక్కా సభ్యత్వం? నాకు పెన్షన్ ఏదీ?" అంది.

ఆమెది డీఎస్సీ 2003. నోటిఫికేషన్ 2003లో పడింది, చేతికి పోస్టింగ్ వచ్చింది 2005లో. ఈ లోపల, 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లందరికీ సీపీఎస్, అంటే జీతంలోంచి చందా కోసి కూడబెట్టే కొత్త పెన్షన్ పథకం అన్నారు. పరీక్ష రాసి నెగ్గింది, ఆలస్యం ఆమె వల్ల జరగలేదు, పాత పెన్షన్ పోయింది మాత్రం ఆమెకు. ఇరవై ఏళ్లు జీతంలో పది శాతం కోయించుకుంది. రిటైరయ్యాక ఆ డబ్బులో 40 శాతం యాన్యుటీలో, అంటే నెలనెలా డబ్బిచ్చే బీమా పథకంలో పెడితే ఇప్పుడు నెలకు ఆరు వేలు దాటడం లేదు. ధరలు పెరిగినా అది పెరగదు, డీఆర్ అన్నదే లేదు. నాకొచ్చే దాంట్లో అదెన్నో వంతో లెక్కల టీచర్ని, మనసులో లెక్క దానంతటదే పడింది. పైకి చెప్పలేకపోయాను. ఇద్దరం ఒకే బడిలో, ఒకే పిల్లలకు చదువు చెప్పాం.

2003 డిసెంబరు 22 కన్నా ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పెన్షన్ కోరుకునే అవకాశం ఇస్తూ 2023 మార్చి 3న కేంద్రం మెమో ఇచ్చింది. అందరూ మెమో 57 అంటారు. మాకూ అదే న్యాయం చేయమని ఈమె బ్యాచ్ వాళ్లు అడుగుతున్నారు. ఆ కాగితం మడతలు చిరిగిపోయేలా ఆమె పర్సులోనే ఉంది. చదివి చదివి నోటికి వచ్చేసింది పాపం.

టీ తాగాక, "నువ్వు చేరితేనే నీ మాట మా తీర్మానంలోకి వస్తుందమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి డబ్బు తెచ్చిచ్చింది.

సాయంత్రం సంఘం గదిలో లెక్క అప్పజెప్పేటప్పుడు కోశాధికారి సార్ ఆ రసీదు దగ్గర ఆగారు. "టీచర్ గారూ, సీపీఎస్ వాళ్లను పెన్షనర్ల కింద ఎట్లా రాసుకుంటాం?" అన్నారు. ఆయన మంచివారు, పద్ధతి తప్పరు, అందుకే అడిగారు. నేను గోడ మీది బ్యానర్ చూపించాను. బుధవారం మేం దండ వేసేది డి.ఎస్. నకారా ఫొటోకే. 1972లో రిటైరైన మనిషి. 1979 మార్చి 31 నుంచి రిటైరైన వాళ్లకే పెన్షన్ కొత్త లెక్క, ముందు రిటైరైనవాళ్లకు లేదు అంటే కోర్టుకెళ్లారు. తారీకు గీసి పెన్షనర్లను రెండుగా చీల్చకూడదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షన్ దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని చెప్పిందీ ఆ తీర్పే. "ఆయనకు దండ వేసి, 2004 సెప్టెంబరు 1 అని మనమే గీత గీస్తే ఎట్లా సార్?" అన్నాను. నా గొంతు కాస్త పెరిగింది. ఆయన ఏమీ అనుకోలేదు. కళ్లజోడు సర్దుకుని, బుధవారం సభలో మెమో 57 మీద తీర్మానం మీరే పెట్టండమ్మా అన్నారు.

రాత్రి భోంచేసి తీర్మానం రాయడానికి కూర్చుంటే పొద్దుటి సంగతే కళ్లముందుకు వచ్చింది. సభ్యత్వం ఫారంలో పీపీఓ నంబరు, అంటే పెన్షన్ ఉత్తర్వు నంబరు అని ఒక గడి ఉంది. ఆ అమ్మాయి అక్కడిదాకా పూర్తిచేసి పెన్ను ఆపింది. "ఇక్కడేం రాయనక్కా?" అని అడిగింది. ఫారం తీసుకుని పీపీఓ అన్న అక్షరాలు కొట్టేసి, పైన ప్రాన్ అని రాసిచ్చాను. సీపీఎస్ ఖాతా నంబరు అది. పన్నెండంకెలూ చూడకుండానే వేసింది.

కొత్త ఫారాలు అచ్చుకిచ్చేటప్పుడు రెండు గడులూ పెట్టించాలి. రేపే ప్రెస్సుకు వెళ్లాలి.