మూడు ఎల్ఫ్ జాతులు, ఒకటే బ్యాంకు: పర్లాకిమిడి నుంచి నా ఆట చిట్టా

దసరా అయ్యాక మొదటి ఆదివారం

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ దిగడానికే మూడు రాత్రులు పట్టింది, వంద జీబీ దాటింది మరి. 2014 నాటి ఆట కాబట్టి గ్రాఫిక్స్ తగ్గిస్తే నా పాత ల్యాప్‌టాప్ ఎలాగోలా లాగుతోంది. యూరప్ సర్వర్ తీసుకున్నాను. మా ఇంటి లైన్ మీద పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) 190 మిల్లీసెకన్ల దగ్గర ఆడుతోంది. దొంగదెబ్బ తప్పించుకోవాలంటే అర క్షణం ముందే కదలాలి, అలవాటైపోయింది.

మూడు పాత్రలను పుట్టించాను, మూడూ ఆటలోని ఎల్ఫ్ జాతులే: ఆల్ట్‌మర్ మంత్రగత్తె, బోస్మర్ విలుకాడు, రెండు కత్తుల డన్మర్. మొదటి ఇద్దరిదీ ఆల్డ్‌మెరి డొమినియన్ అనే కూటమి. డన్మర్‌లు మాత్రం నార్డ్‌లతో, ఆర్గోనియన్లతో (వీళ్లూ ఆటలోని జాతులే) కలిసి మరో కూటమి అయిన ఎబన్‌హార్ట్ ప్యాక్ట్‌లో ఉంటారు. పాతపట్నంలో ఉండే మా బావ చూసి, "అందరి చెవులూ మొనదేలే ఉన్నాయి కదరా, ముగ్గురెందుకు?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను.

మంగళవారం

రోజూ మరిచిపోకూడని పనులు రెండు. గుర్రపు శిక్షణ ఒకటి: 20 గంటలకోసారి, 250 బంగారు నాణేలు. రెండోది ట్రెయిట్ రీసెర్చ్, అంటే ఆయుధాలకూ కవచాలకూ ప్రత్యేక గుణాలు చేర్చడం నేర్చుకోవడం: ఒక వస్తువు మీద మొదటిదానికి 6 గంటలు, రెండోదానికి 12, తర్వాత 24, అలా రెట్టింపవుతూ పోతుంది. ఆట మూసేసినా ఈ గడియారం ఆగదు. కరెంటు పోయినా నష్టం లేని పని ఇదొక్కటే. పడుకునే ముందు ముగ్గురికీ పెట్టేసి, పొద్దున షాపు తెరిచేలోపు చూసుకుంటున్నాను.

శనివారం

బావ ప్రశ్నకు సమాధానం ఇవాళ కమ్మరి బల్ల దగ్గర దొరికింది. ఏ జాతి శైలిలో కత్తి చేయాలన్నా ఆ జాతికి ప్రత్యేకమైన పదార్థం ఒకటి వేయాలి. ఆల్ట్‌మర్‌కి అడమంటైట్, డన్మర్‌కి అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతపు గాజురాయి. బోస్మర్‌కి ఎముక! ఎవరి శైలి వాళ్లకు పుట్టుకతోనే వచ్చేస్తుంది కాబట్టి పుస్తకాల కోసం వెతకనక్కర్లేదు. ముగ్గురి చేతా ఒక్కో కత్తి చేయించి పక్కపక్కన చూస్తే ఊళ్లే మారిపోయినట్టుంది.

బోస్మర్ కవచం ఫోటోను మా వీధి చివర కొమ్ము పని చేసే మామయ్యకు చూపించాను. కొమ్ముతో కొంగలు, నెమళ్లు, దువ్వెనలు చేయడంలో మా ఊరికి పేరుంది. ఆయన అద్దాలు సర్దుకుని, "ఎముక అంటావేటి? ఎముక ఇలా వంగదు. వేడి చేసి వంచితే కొమ్ము వంగుతాది," అన్నారు. ఆట తయారుచేసినవాళ్లు ఒకసారి పర్లాకిమిడి వచ్చి ఉండాల్సింది.

కార్తీకం, రెండో సోమవారం

బోస్మర్ కవచానికి ఎముకే ఎందుకంటే గ్రీన్ ప్యాక్ట్ అనే వాళ్ల ఆచారపు ఒప్పందం వల్ల. వాలెన్‌వుడ్ అడవిలో చెట్టు నరకకూడదు, ఆకు తెంపకూడదు, కాయ తినకూడదు. మాంసమే తిండి. ఆట మాత్రం మనల్ని ఆపదు, బోస్మర్ చేత హాయిగా పూలు కోయించవచ్చు. నేనే పంతం పట్టి నియమం పెట్టుకున్నాను. ఇంట్లో కార్తీకమని నీసు బంద్, పక్కింటి ఒడియావాళ్లు పంచుకకి (కార్తీక పున్నమితో ముగిసే ఐదు రోజులు) చేప ముట్టరు, నా విలుకాడేమో మూడు పూటలా మాంసం!

చిక్కు ఇక్కడే. ఈ ఆట వంటల్లో మాంసం ఆరోగ్యాన్ని, పండ్లు మ్యాజికాను (మంత్రశక్తి), కూరగాయలు స్టామినాను (ఒంటి సత్తువ) పెంచుతాయి. విలుకాడికి కావలసింది స్టామినా. అంటే కూరగాయలు, అవి నిషిద్ధం. రసవాదం కూడా ఎక్కువగా ఆకులూ పూలతోనే కాబట్టి అదీ పోయింది. చచ్చిన శత్రువుల దగ్గర దొరికిన సీసాలు తాగి నెట్టుకొస్తున్నాను. లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లన్నీ స్టామినాకే పోస్తున్నాను. అయినా ఒక గుహలో అదే బాస్ (గుహలోని పెద్ద శత్రువు) చేతిలో ఐదుసార్లు చచ్చాను.

గురువారం

విల్లు మాటేమిటని బావ పట్టుకున్నాడు. విల్లు చెక్కతోనే కదా. నిజమే. కానీ నియమం వాలెన్‌వుడ్ చెట్ల మీదే. బయట ఎవరో నరికిన కలప వాడుకుంటే తప్పు లేదని ఆట కథలోనే ఉంది. కేకులో గుడ్డుందా అని అడక్కుండా తినేయడం లాంటిదన్నమాట. బ్యాంకు ముగ్గురికీ ఉమ్మడి కాబట్టి ఆల్ట్‌మర్ మంత్రగత్తెను వాళ్ల దీవి ఆరిడాన్‌లో కలప కొట్టడానికి పంపాను. పది పచ్చి దుంగలు పోగైతే తప్ప శుద్ధి చేయనివ్వదు, గంట తిరిగింది పాపం. ఆ ఆరిడాన్‌లోనే ఆల్ట్‌మర్ల రాణి ఐరెన్ వేరే జాతులను దగ్గరకు తీస్తోందని వీల్డ్ హెరిటెన్స్ అనే ఆల్ట్‌మర్ ముఠా కుట్ర పన్నుతోంది. అక్కడ కొట్టిన కలప ఒక బోస్మర్ చేతిలో విల్లవుతోందని తెలిస్తే వాళ్లు ఊరుకుంటారా!

డన్మర్‌ని ఈ వారం పెద్దగా ఆడలేదు. బూడిద నేల, లావా వాగులు. జాతి నైపుణ్యం వల్ల లావా దెబ్బ సగమే తగులుతుంది, అడ్డదారిలో దూకేయొచ్చు. పుట్టగొడుగుల్లో ఇళ్లు కట్టుకునే టెల్వాన్ని వంశం ఆట అదనపు భాగమైన మారోవిండ్‌లో ఉంది, ఇంకా అక్కడికి చేరలేదు.

ఇవాళ్టి లెవెల్ లెక్క: ఆల్ట్‌మర్ 23, బోస్మర్ 31, డన్మర్ 14. విల్లు తయారైంది, ఎముక పిడితో. ఆ గుహకు ఆరోసారి రేపు వెళ్తాను, బావ కూడా వస్తానన్నాడు. కూరగాయలు తిన్న పాత్రతోనే వస్తాడట.