రాకీ రకూన్ 100: పైన్ వేర్ల మీద నూరు మైళ్లు (నా అనుభవం)

అమెరికాలో టెక్సస్‌లోని హ్యూస్టన్ నుంచి ఐ-45 హైవే మీద ఉత్తరంగా గంటకు పైగా వెళ్తే హంట్స్‌విల్ స్టేట్ పార్కు. లేక్ రేవన్ చుట్టూ లాబ్లాలీ పైన్ అడవి. ఫిబ్రవరి మొదట్లో జరిగే ఈ పరుగుకి గడువు 30 గంటలు, అంటే ఆగిన టైముతో కలిపి మైలుకి 18 నిమిషాలు. 2011లో ఇయాన్ షార్మన్ అనే రన్నర్ 12 గంటల 44 నిమిషాల్లో ముగించాడు. ఆ అంకె చూసి దారి తేలికనుకోకండి. పెద్ద కొండలు లేవు గానీ, వేర్లున్నాయి.

పైన్ పక్కవేర్లు పైపైనే పాకుతాయి. వానకీ అడుగులకీ ఇసుకమట్టి కొట్టుకుపోయి అవి బయటపడతాయి, వాటిని జానెడు పొడవు ఎండుటాకులు కప్పేస్తాయి. రాత్రి తలలైటు ఒక్కటే ఉంటే అవి ఆనవు. వెలుగు కంటి పక్కనుంచే పోతుంది కాబట్టి వేరు నీడ వేరు వెనకే దాగిపోయి నేలంతా చదునుగా కనిపిస్తుంది. అందుకే నేను నడుముకి ఇంకో లైటు కట్టుకుంటాను. కిందనుంచి పడే ఆ వెలుగుకి ప్రతి వేరు వెనకా నల్లటి చార సాగి, కాలు ఎక్కడ ఎత్తాలో చెబుతుంది. ఫిబ్రవరి మొదట్లో అక్కడ చీకటి సుమారు 13 గంటలు. లైటు ఇన్ని గంటలు వెలుగుతుందని డబ్బా మీద రాసే లెక్కలు సాధారణంగా మసక వెలుగుకే వర్తిస్తాయి, పైగా చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది. రెండు లైట్లకూ అదనపు బ్యాటరీలు ఉండాల్సిందే.

అరవై మైళ్లు దాటాక తుంటి కండరాలు అలిసి పాదం లేవదు. చెప్పు ఈడ్చినట్టు చప్పుడు వినగానే రెండు నిమిషాలు నడవండి. ఎదురుదెబ్బలు తగిలేది అప్పుడే. ముందుభాగం గట్టిగా ఉన్న, అర సైజు పెద్ద బూట్లు వేసుకోండి. గోళ్లు రెండ్రోజుల ముందే కత్తిరించుకోండి.

వాన లేకపోయినా ఆ ఉక్కకి చెమటతో సాక్సు తడుస్తుంది, నానిన చర్మాన్ని ఇసుక ఒరుస్తుంది. నేను ఒక్కో కాలివేలికీ విడిగా అర ఉండే సాక్సు, పైన గెయిటర్లు (బూట్లలోకి ఇసుక పోకుండా చీలమండకి వేసే తొడుగులు) వేస్తాను. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి, చర్మం పొడిగా తుడిచి టేపు అంటించాలి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించకపోతే మైలు తిరక్కుండానే లేచిపోతుంది.

తిండి గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లెక్కన పెట్టుకుంటాను. మధ్యాహ్నానికి ఎనర్జీ జెల్ (పరుగులో పీల్చే తీపి పాకం) వెగటు పుడుతుంది. అప్పుడు పులిహోర ఉండలు, ఉప్పద్దిన ఉడికిన బంగాళాదుంప. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. పోపులో నూనె, పల్లీలు బాగా తగ్గించండి, కొవ్వు కడుపులోంచి కదలడానికి ఆలస్యమవుతుంది. నీళ్లు దాహాన్ని బట్టే. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుస్తూ, వికారం, తలనొప్పి ఉంటే నీళ్లు ఎక్కువై సోడియం పడిపోతుండొచ్చు. మంచినీళ్లు ఆపి వైద్య బృందానికి చూపించుకోండి. ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద పడుతుంది. మూత్రం కోలా రంగులో వస్తే పరుగు అక్కడితో ఆపేయాలి.

రాత్రి ఎయిడ్ స్టేషన్‌లో (దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే మజిలీలో) కుర్చీలో కూర్చునే ముందే జాకెట్ వేసుకోండి. చెమట ఆరితే ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, ఆ చేతులతో లేసు కూడా ముడిపడదు.