బయటోళ్లు, మనోళ్లు

షార్జాల మాది చిన్న ఏసీ మెయింటెనెన్స్ కంపెనీ. కంపెనీ వీసా మీద ఉన్న పోరగాళ్లల్ల ఎక్కువమంది కోరుట్ల, మెట్‌పల్లి దిక్కోళ్లు. చలికాలం వాళ్లకే సరిపోను పనుండది. జూన్ వచ్చిందంటే ఫోన్ కింద పెట్టే తీరికుండది, అప్పుడు బయటి మనుషులను పిలవాల్సిందే. ఎవరిని ఏ పనికి పంపాలె, ఎవరికి ఎట్ల పైసలియ్యాలె అనేది సూపర్‌వైజర్‌నని నా నెత్తిన పడ్డది.

ఇండ్లల్లకెళ్లి వచ్చే కంప్లయింట్లకు మా పోరగాళ్లనే పంపుత. బిల్డింగు మొత్తానికి డక్ట్ క్లీనింగ్ వస్తే బయటోళ్లకు ఒప్పజెప్త, వాళ్ల లైసెన్స్, లేబర్ కార్డులు చూసినంకనే. సామాన్లు వాళ్లయే, ఎంతమందిని తెచ్చుకుంటరో వాళ్లిష్టం. రేటు, గడువు, మళ్లా నీళ్లు కారితే ఎవరొచ్చి చూడాలె అన్నది కాయితం మీద రాసుకున్నంక, పక్కన నిలబడి స్క్రూ ఎట్ల తిప్పాల్నో చెప్ప. చెప్పాలనిపిస్తది, అయినా చెప్ప.

ఒక్కదానికి మాత్రం అడ్డం పడ్త. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని చేయించొద్దని ఇక్కడి రూలు. తప్పితే మనిషికి 5,000 దిర్హాంల జరిమానా. ‘మాది పీసు లెక్క అన్నా, ఇంకో రెండు యూనిట్లు అయిపోతయి’ అనుకుంట బయటోళ్లు మేడ మీదికి నిచ్చెనేస్తరు. దింపుత. జరిమానా ఎవరి మీద పడుతదో తర్వాత ముచ్చట, మేడ మీద మనిషే పడిపోతే?

తలనొప్పంత మా పోరగాళ్లతోని. సొంత లైసెన్స్ పెట్టుకొని తనే పనిచేసుకునే ఒకాయనను చూసి, ‘ఆయన ఎండకాలం మాకన్న డబుల్ సంపాయిస్తుండు, మమ్మల్ని గూడ పీసు లెక్కకు పెట్టరాదే అన్నా’ అన్నడు ఓ తమ్ముడు. కూసోబెట్టి లెక్క చెప్పిన. నీ బేసిక్ 1,200 దిర్హాంలు అనుకో. పని ఇడిసిపోయేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేండ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 840. ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. 30 రోజులు జీతంతోని సెలవు. వీసా ఖర్చు కంపెనీది. జనవరిల ఫోన్ మోగకున్నా నీ జీతం పడుతది, ఆయన అప్పుడు పని దేవులాడుకోవాలె. తమ్ముడు ఊకున్నడు గని, ముఖం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు.

అట్లని పీసు లెక్క ఇచ్చినోళ్లంత బయటోళ్లే అనుకునే సేఠ్‌లు మస్తుమంది. మా అమ్మ బీడీలు చేసేది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, ఇంట్ల కూసోని పని, కంపెనీకి ఆమెకు నడుమ సట్టెదారు అనే కాంట్రాక్టర్. అయినా ఆమెకు పీఎఫ్ ఉండె. 1966ల వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంట్ల చేసేటోళ్లను గూడ కార్మికులల్లనే లెక్కగట్టింది. ఆకు, తంబాకు ఇచ్చేది కంపెనీ వాళ్లు, బీడీ ఎట్లుండాల్నో చెప్పేది వాళ్లు, బాగలేదని తీసి పారేసేది వాళ్లు. ఇగ అది ఆమె సొంత వ్యాపారం ఎట్లయితది? ఇక్కడ గూడ అంతే. మా వ్యాన్‌ల, మా సామాన్లతోని, నేను చెప్పిన టైముకు వచ్చేటోనికి యూనిట్‌కు ఇంతని ఇచ్చి కాంట్రాక్టర్ అని పేరు పెడితే నేను ఒప్పుకోను.

ఖల్లివల్లి మనుషులతోని ఇంకో బాధ. పాత కంపెనీ ఇడిసి కాయితాలు లేక తిరిగేటోళ్లు ‘రోజు కూలికైనా పెట్టుకో అన్నా’ అని మన యాసల అడిగితే కాదనుడు కష్టం. కానీ పర్మిట్ లేనోళ్లను పనిల పెట్టుకుంటే, 2024ల మారిన చట్టం ప్రకారం జరిమానా లక్ష దిర్హాంల కాన్నుంచి మొదలు. అదే ఏడు సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా క్షమాభిక్ష పెట్టిండ్రు, అడగొచ్చినోళ్లను అటు పంపిన.

వచ్చే ఎండకాలానికి వేరే కంపెనీల ఉన్న ఇద్దరు టెక్నీషియన్లకు కార్మిక శాఖ నుంచి పార్ట్‌టైమ్ పర్మిట్ తీయిద్దామంటున్న. సేఠ్ ఇంకా కాల్క్యులేటర్ నొక్కుతనే ఉన్నడు.