ఊపిరి గురించి తప్పు రాశాను

2020 వేసవిలో నేనొక కరోనా కథ రాశాను. అప్పటికి మా విద్యానగర్ గల్లీలో ఒక్క కేసు కూడా లేదు. మేడ్చల్ దారెంట నెత్తిన మూటలతో నడిచిపోయే కూలీలను టీవీలో చూసి, ఆ ఊపులో రాసేశాను. కథ చివర ఒక ముసలాయన ‘ఒడ్డున పడ్డ చేపలా గిలగిలా కొట్టుకుంటూ’ ప్రాణం వదుల్తాడు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో నెలనెలా కలిసే మా పదిమందిమీ అప్పుడు జూమ్‌లోకి మారాం. అక్కడ చదివితే ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

ఏడాది తిరిగేసరికి నా వంతు వచ్చింది. జ్వరం, స్వాబ్, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల దెబ్బ 25కి 14. ఇవి అందరి ఇళ్లల్లో జరిగినవే, వదిలేస్తున్నా. ఎనిమిదో రోజు, ఏప్రిల్ 28 సాయంత్రం, మంచం మీద కూర్చొని మా ఆయన్ని పాల సంగతి అడుగుతున్నా. ఆయన నా వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు. తీసి తన వేలికి పెట్టుకున్నాడు. మళ్లీ నాకు పెట్టాడు. 84.

“నీకు ఆయాసం లేదా?”

“లేదు. పాలు తెచ్చిన్రా, లేదా?”

ముఖ్యంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఊపిరి కోసం తన్నుకులాట మొదలవుతుందట. ఈ జబ్బులో అది బయటికి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం చప్పుడు లేకుండా పడిపోతుంది. ఇది డాక్టరు తర్వాత చెప్పిన మాట. ఆ పూట మాకు తెలిసింది అంకె ఒక్కటే.

మా అబ్బాయి ఫోన్ పట్టుకొని కూర్చున్నాడు. ఎక్కడా మంచం లేదు. ఒక పెద్దాసుపత్రి వాళ్లు “రెండు లక్షలు కట్టండి, ఖాళీ అయితే పిలుస్తాం” అన్నారు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. చాలా మర్యాదైన గొంతు.

మా వాడి స్నేహితుడి స్నేహితుడెవరో చెప్తే, పాతబస్తీ నుంచి ఒక కుర్రాడు ఇఫ్తార్ ముగించుకొని వచ్చాడు. స్కూటర్ మీద రెండు చిన్న సిలిండర్లు, ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. పైసా తీసుకోలేదు. మీటరు బిగించి, సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, “అమ్మీ, బోర్లా పండుకోండి” అన్నాడు. దేవుడి గూటి వైపు చూసి, “అంకుల్, ఆ దీపం ఆర్పేయాలె” అన్నాడు మొహమాటపడుతూ. మా ఆయన దీపం కొండెక్కించాడు. గ్యాస్ పొయ్యి వైపు కూడా పోనివ్వలేదు ఎవర్నీ.

మా ఆయన రిటైరైన లెక్కల సారు. క్యాలెండర్ వెనక రాశాడు: 1500 లీటర్లు, నిమిషానికి 5, అంటే 300 నిమిషాలు. పదింటికి పెట్టారు కాబట్టి మూడింటికి అయిపోతుంది. మా వాడు ఖాళీ సిలిండర్ కాళ్ల మధ్య పెట్టుకొని, నింపించుకు రావడానికి చర్లపల్లి వైపు పోయాడు. అప్పటికే రాత్రి కర్ఫ్యూ. తార్నాక దగ్గర పోలీసు ఆపి, సిలిండర్ చూసి, ఏమీ అడక్కుండా బారికేడ్ జరిపాడట.

ఆ ఐదు గంటలు! బోర్లా పడుకుంటే చెవికి ఆ సీసాలో బుడబుడ తప్ప ఇంకేం వినపడదు. బుడగలు వస్తున్నంతసేపూ బతికున్నట్టు. మా ఆయన పావుగంటకోసారి టార్చి వేసి ముల్లు చూస్తున్నాడు. మొదట్లో బయటికి చదివాడు. ఒంటిగంట దాటాక చదవడం మానేశాడు.

పన్నెండు యాభైకి నా ఫోన్ వెలిగింది. అక్క. సొంత అక్క కాదు, మా గుంపులో పెద్ద కవయిత్రి. అందరికీ అక్కే. మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. “నీ కథల ఊపిరి ముచ్చట తప్పు రాసినవే. గిలగిల ఏం లేదు. చాయ్ రుచి లేదు, గంతే. మార్చు.”

నవ్వొచ్చింది, దాంతో దగ్గు కూడా. పొద్దున జవాబిద్దామనుకున్నాను.

రెండు నలభైకి గేటు చప్పుడైంది.

మర్నాడు మంచం దొరికింది. డిశ్చార్జి చేసింది మే 12న, రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైన రోజే. పదింటి లోపల ఇల్లు చేరాలని పరుగు. రాత్రిపూట నా జడ విప్పి అల్లిన నర్సమ్మ ముఖం నేను చూడలేదు, పీపీఈ కిట్టు వెనక కళ్లజోడు మాత్రమే. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అక్క పోయిన సంగతి ఇంటికొచ్చాకే చెప్పారు. 29 తెల్లవారుజామునే పోయిందట. రెండు వారాలు నా ఫోన్ దాచారు. నా మంచికేనంటారు, ఇప్పటికీ ఒప్పుకోలేదు నేను. గ్రూపులో వరసగా దండం బొమ్మలు, వాటి కిందే కరోనా కవితల సంకలనానికి ఆహ్వానం. మా దగ్గరి బంధువు ఫోన్ చేసి, “నీకేంలే వదినా, రాసుకోవడానికి బోలెడు సరుకు దొరికింది” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆయనతో ఏడాది మాట్లాడలేదు. నిజానికి 2020లో నేను చేసిందీ అదేగా, ఎవరి చావునో సరుకు చేసుకోవడం. కోపం అందుకే అంత వచ్చిందేమో.

స్టెరాయిడ్లకు నా షుగర్ మూడొందలు దాటింది. టీవీలో చూస్తే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండా బ్లాక్ ఫంగస్ కేసులు. పొద్దున లేవగానే అద్దంలో ముక్కు, కళ్లు చూసుకునేదాన్ని. ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ చూసి ఆ మాత్రలు మొదటి రోజు నుంచే మింగకండి, డాక్టరు చెప్తేనే. ఆయాసం లేదని ఆక్సీమీటర్ పక్కన పెట్టకండి.

ఆ రాత్రి టార్చి వేస్తూ మా ఆయన చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాడట. గుడి మెట్లెక్కని మనిషి! గుడి తెరిచాక ఇద్దరం వెళ్లాం. 108 ప్రదక్షిణాలు నేను కూర్చుంటూ లేస్తూ తిరిగాను. లెక్క కాగితం ఆయనే పట్టుకొని, ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోనివ్వలేదు.

మొన్న కథల పుస్తకం అచ్చుకిస్తూ చేప పేరా కొట్టేశాను. ఇప్పుడు ముసలాయన మంచం మీద కూర్చొని పాలు తెచ్చారా అని అడుగుతున్నాడు. అక్కడిదాకా రాశాను.