రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడు మామిడి నాటతాడా?

మా వంటింట్లో చర్చి క్యాలెండర్ మీద బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29:11 ఉంటుంది, మీకు మేలే తలపెట్టాను గానీ హాని కాదని దేవుడు చెప్పే ఆదరణ వాక్యం. కింద గడుల్లో మా పాల లెక్క: లీటరు, అరలీటరు, రాలేదు. రోజూ కంటపడేదే కాబట్టి ఆ అధ్యాయం నాకు వచ్చనే అనుకున్నాను.

మొన్న బుధవారం బ్రాడీపేటలో మా బైబిల్ స్టడీలో మొదటి నుంచి చదివితే తెలిసింది, అసలది ఉత్తరం, అదీ ఎవరూ వినాలనుకోని కబురు మోసుకెళ్ళిన ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజునీ పెద్దలనీ కంసాలులనీ బబులోనుకి పట్టుకుపోయాడు. తర్వాత హనన్యా అనే ప్రవక్త, రెండేళ్ళలో అందరూ వెనక్కొచ్చేస్తారని యెరూషలేము గుడిలో జనం ముందు చెప్పి, బబులోనుకి లొంగి ఉండాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరిచేశాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పాలా! యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవాళ్ళకి ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి, 70 ఏళ్ళు పడుతుంది అని రాశాడు. అంటే చదివినవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోతారన్నమాట. ఇదేం ఆదరణండీ అన్నాను, కాస్త గట్టిగానే.

ఫ్యాన్ గాలికి పేజీలు లేవకుండా కళ్ళజోడు పెట్టె అడ్డం పెట్టుకున్న పెద్దమ్మగారు తలెత్తారు. "మామిడి కాపుకి ఐదేళ్ళు పడుతుందమ్మా. రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడు నాటతాడా? కుండీలో పుదీనా వేసుకుంటాడు."

అందరూ నవ్వారు, నేను తప్ప. గుంటూరొచ్చి తొమ్మిదేళ్ళయినా వచ్చే ఏడాది మా ఊరెళ్ళిపోతామంటూ అటక మీద మూడు పెట్టెలు ఇంకా విప్పలేదు, వరండాలో ఉన్నది పుదీనా కుండీయే.

ఇంకో సంగతి, బబులోనుని గెలిచిన పర్షియా రాజు కోరెషు క్రీ.పూ. 538లో సొంతూరికి వెళ్ళొచ్చని ఆజ్ఞ ఇచ్చినా చాలామంది బబులోనులోనే ఉండిపోయారు. తోటలు కాపుకొచ్చి ఉంటాయి మరి.

వచ్చే వారం 32వ అధ్యాయం. బయట బబులోను సైన్యం ముట్టడి, తనేమో చెరసాల ఆవరణలో, అయినా యిర్మీయా 17 తులాల వెండి తూచి తన సొంతూరు అనాతోతులో పొలం కొంటాడు. మాలో దస్తావేజులు రాసే ఆయన ఒకరున్నారు, సాక్షుల సంతకాలున్నాయా అని ఇప్పుడే ఆరా. ఉన్నాయి, ముద్ర వేసిన పత్రం, వేయనిది రెండూ మట్టికుండలో దాచమన్నాడు.

"కాగితాలు పక్కాగానే ఉన్నాయి, కానీ నా దగ్గరికొస్తే మాత్రం కొనొద్దనే చెబుతాను" అన్నారాయన, చెప్పులేసుకుంటూ.