ర్యాంకు చూసి కాదు, సిలబస్ చూసి: ఫ్రైబెర్గ్‌లో నా మాస్టర్స్

జర్మనీలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. "అక్కా, ఈ యూనివర్సిటీ ర్యాంక్ ఎంత?" నేను తిరిగి అడుగుతాను: "ఆ కోర్సు మాడ్యూల్ హ్యాండ్‌బుక్ చదివావా?" చాలామంది దాని పేరే విని ఉండరు.

ర్యాంకు మొత్తం యూనివర్సిటీకి ఇస్తారు. మనం రెండేళ్లు గడిపేది మాత్రం ఒక్క డిపార్ట్‌మెంట్‌లో, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల దగ్గర, ఒకటో రెండో ల్యాబుల్లో. ఆ రెండేళ్లు ఎలా ఉంటాయో మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ప్రతి కోర్సుకీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారు, ఏ సెమిస్టర్‌లో ఉంటుంది, పరీక్ష రాతదా, మౌఖికమా, రిపోర్టు ఇస్తే చాలా, అన్నీ రాసి ఉంటాయి. మాస్టర్స్‌కి సాధారణంగా 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది బోధనా భాష. కోర్సు ఇంగ్లిష్‌లోనే అని ప్రకటించినా, మనకు కావాల్సిన ఎలెక్టివ్స్, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టులు, జర్మన్‌లో మాత్రమే ఉండొచ్చు. ఒక పెద్ద నగరంలో పేరున్న యూనివర్సిటీని నేను వదిలేసింది ఇందుకే. నీటికి సంబంధించిన సబ్జెక్టులు అక్కడ ఎలెక్టివ్స్‌లో ఒకటి రెండే ఉన్నాయి. ల్యాబ్ పని ఉన్నది జర్మన్‌లో ఉంది.

నేను చదవాలనుకున్నది భూగర్భజలాలు. వెతుకుతూ వెళ్తే ఫ్రైబెర్గ్ దగ్గర ఆగాను. శాక్సనీ రాష్ట్రంలో, డ్రెస్డెన్‌కీ కెమ్నిట్జ్‌కీ మధ్య, సుమారు నలభై వేల జనాభా ఉన్న ఊరు. (బాడెన్-వుర్టెంబర్గ్‌లో ఉన్న ఫ్రైబుర్గ్ వేరు, అది దేశానికి రెండో కొసన ఉంది. ట్రెయిన్ టికెట్ కొనేటప్పుడు ఒక్క అక్షరం జాగ్రత్తగా చూసుకోండి.) ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీని 1765లో గనుల చదువు కోసం పెట్టారు. ఇండియం మూలకాన్ని 1863లో, జెర్మేనియంని 1886లో కనిపెట్టింది ఈ ఊళ్లోనే.

నన్ను కదిలించింది మాత్రం ఆ ఘనత కాదు, ఈ ఊరి కింద ఉన్న నీళ్లు. 12వ శతాబ్దంలో ఇక్కడ వెండి దొరికింది. ఎనిమిది వందల ఏళ్లు తవ్వారు, తర్వాత గనులు మూసేశారు. గని మూసినంత మాత్రాన నీరు ఊరడం ఆగదు కదా. రాతిలోని ఖనిజాలను తాకుతూ వచ్చే ఆ నీటిలో జింక్, కాడ్మియం, ఆర్సెనిక్ కలుస్తాయి. దాన్ని బయటికి పంపడానికి 1844లో రోత్‌షోన్‌బర్గ్ సొరంగం మొదలుపెట్టి 1877లో పూర్తి చేశారు. అది ఈ రోజుకీ గని నీటిని వాగులోకి, అక్కడి నుంచి ఎల్బే నదిలోకి వదులుతోంది. ఊరి అంచున రైషె జెషె అనే పాత గనిని యూనివర్సిటీ బోధన కోసం, పరిశోధన కోసం నడుపుతోంది. హెల్మెట్ పెట్టుకుని, బూట్లు వేసుకుని, లిఫ్టులో కిందికి దిగి, రాతి పగులు నుంచి కారుతున్న నీటిని సీసాలో పట్టి అక్కడికక్కడే పీహెచ్ కొలిచినప్పుడు, ఈ కోర్సు ఎంచుకున్నందుకు నాకు కలిగిన సంతోషం ఏ ర్యాంకూ ఇవ్వలేదు. మీ సబ్జెక్టుకీ ఇలాంటి ఊరు ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని వెతకడానికి రెండు వారాలు పెట్టినా దండగ కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ రుసుము మాత్రం కట్టాలి. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024లో ఫీజులు మొదలుపెట్టింది. "జర్మనీ అంటే ఫ్రీ" అన్న మాట నమ్మి కూర్చోకుండా ఆయా యూనివర్సిటీ పేజీ చూడండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకు 992 చొప్పున చేతికి వస్తుంది. ఇది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క, పెరుగుతూ ఉంటుంది. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే కాగితం, 2022 నవంబర్ నుంచి తప్పనిసరి అయింది. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, అన్నిటికన్నా ముందు దాని పనే మొదలుపెట్టండి.

వెళ్లాక అసలు టెన్షన్ గది గురించే. అక్కడ పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, మొదటి ముడి గది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దాన్నే అన్మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అన్మెల్డుంగ్ లేకపోతే ట్యాక్స్ నంబర్ రాదు, రెసిడెన్స్ పర్మిట్ పని కదలదు, కొన్ని బ్యాంకులు అకౌంట్ కూడా తెరవవు. అందుకే పెద్ద నగరాల్లో అడ్మిషన్ వచ్చినవాళ్లు చదువు కన్నా ముందు ఇంటి కోసమే తిరుగుతుంటారు. చిన్న ఊరిని ఎంచుకోవడంలో నేను చూసుకున్న రెండో లాభం ఇదే. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి, అంటే వోన్‌హైమ్‌కి, అప్లై చేశాను. బయలుదేరే ముందే గది ఖాయమైంది. ఎవరైనా గది చూపించకుండా డబ్బు ముందే పంపమంటే పంపకండి, ఫొటోలు ఎంత బాగున్నా సరే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అలా రెండు నెలల అద్దె పోగొట్టుకుంది. ఆమె ఏడుపు ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఇంకో చిన్న విషయం, కానీ చాలా ముఖ్యం. గదిలో దిగిన రోజే పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంక్ పిన్, ట్యాక్స్ నంబర్, అన్నీ పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. అడ్రస్ సరిగ్గా ఉన్నా అంతే.

చదువు విషయంలో అలవాటు పడాల్సింది స్వేచ్ఛకి. లెక్చర్లకు ఎక్కువగా హాజరు వేయరు, వారంవారం ఎవరూ అడగరు. క్లాసు అయిపోగానే అందరూ పిడికిళ్లతో బల్ల మీద తడతారు, చప్పట్లకు బదులు. పరీక్ష మాత్రం సెమిస్టర్ చివర ఒక్కసారే, మార్కంతా దాని మీదే. దానికి ఆన్‌లైన్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, గడువు దాటితే రాయనివ్వరు. చాలాచోట్ల ఒక సబ్జెక్టుకి మూడు అవకాశాలు. మూడోసారీ పోతే కోర్సులోంచి బయటికే, అదే కోర్సులో ఇంకో యూనివర్సిటీలో చేరడం కూడా కష్టం. ఇక్కడ 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడ్, 4.0 పాస్. ఈ నిబంధనలన్నీ పరీక్షల నియమావళిలో ఉంటాయి. మొదటి వారంలో కూర్చుని దాన్ని పూర్తిగా చదివాను. రెండో సెమిస్టర్‌లో జ్వరంతో ఒక పరీక్షకు వెళ్లలేకపోయినప్పుడు, డాక్టర్ సర్టిఫికెట్ ఎప్పటిలోగా ఇవ్వాలో తెలిసి ఉండటం వల్లే ఒక అవకాశం మిగిలింది.

కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఊరు జర్మన్‌లోనే బతుకుతుంది. డాక్టరు, టౌన్ ఆఫీసు, గది రిపేరుకి వచ్చే మనిషి, అందరూ జర్మన్‌లోనే మాట్లాడతారు. యూనివర్సిటీ భాషా క్లాసుల్లో చేరాక నాకు ధైర్యం వచ్చింది. తప్పులతో మాట్లాడినా ఓపికగా వింటారు. ఆదివారాలు మాత్రం కష్టంగా ఉండేవి. దుకాణాలన్నీ మూసేస్తారు, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఫోన్ తప్ప తోడుండదు. యూనివర్సిటీ స్పోర్ట్స్ వాళ్ల దగ్గర తక్కువ ఫీజుకి గోడ ఎక్కే క్లైంబింగ్‌లో చేరాను. అక్కడ మీ తాడు ఇంకొకరి చేతిలో ఉంటుంది కాబట్టి మాట్లాడక తప్పదు. నాకు మొదటి జర్మన్ స్నేహితురాలు దొరికింది ఆ తాడు దగ్గరే. తర్వాత ఆదివారాలు అడవిలో నడకకు వెళ్లడం మొదలైంది. మన తెలుగువాళ్లు ఉన్నారు, అవసరానికి ప్రాణం పెడతారు. కానీ వారంలో ఒక్క సాయంత్రమైనా తెలుగు వినపడని చోట గడపమని ప్రతి జూనియర్‌కీ చెబుతాను.

ఇప్పుడు రెండు అడ్మిషన్ల మధ్య ఆలోచిస్తున్నవాళ్లు ఆ కోర్సులో ఉన్నవాళ్లను వెతికి పట్టుకోండి. గది దొరకడానికి ఎన్నాళ్లు పట్టింది, థీసిస్‌కి గైడ్ సులువుగా దొరికారా, జర్మన్ సరిగా రాకుండా పార్ట్‌టైమ్ పని ఏం దొరికింది అని అడగండి. ఎవరూ తెలియకపోతే ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థి సంఘం, ఫాఖ్‌షాఫ్ట్ అంటారు, వాళ్ల ఈమెయిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు. భూగర్భజలాల కోర్సు గురించైతే నన్నే అడగండి.